కావ్య పేరుతో నేను కొట్టిన జవాబు

అయినా ఆ వీడియో తీసింది నేను కదా? లైట్ పెట్టింది నేను, ఎడిట్ చేసింది నేను, ఆ స్కాట్లాండ్ సింగర్ పాటల్ని కావ్యకి పరిచయం చేసింది కూడా నేనే. మూడేళ్లుగా నాలో నేనే ఇలా వాదించుకుంటున్నాను. ఎదుట ఎవరూ లేరు. అయినా ఒక్కసారీ గెలవలేదు. ఇంక మోయలేక మీకు చెబుతున్నాను.

ఆ సింగర్ పేరు రాయను. రాస్తే దొరికిపోతాను. గ్లాస్గో పక్కన చిన్న ఊరు ఆమెది, తండ్రి బస్ డ్రైవర్. పదిహేడేళ్లప్పుడు వాళ్ల ఊరొచ్చిన ఒక పెద్ద గాయని ఆమెను స్టేజీ మీదకి పిలిచి ఒక్క పాట పాడించింది. అక్కడే అంతా మొదలైంది. మొదటి ఆల్బమ్ ఊరూరా మోగింది. రెండోది ఎవరూ వినలేదు, కంపెనీ వదిలేసింది. మూడోది వంటింట్లో కూర్చుని తనే రికార్డ్ చేసుకుంది. ఇప్పుడు చిన్న చిన్న హాళ్లలో పాడుతుంది. ఏ ఊరెళ్లినా అక్కడి కొత్త గొంతునొకదాన్ని పిలిచి ఒక్క పాట ఇస్తుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. హైదరాబాద్‌లో ఇంటర్ చదివేటప్పటి నుంచి ఆమె నాది.

కావ్య అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో నా రూమ్మేట్. ఇద్దరం ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్. ఆ సింగర్ పాటొకటి తెలుగులోకి మార్చి, కుక్కర్ పక్కన నిలబడి పాడింది. నేను వీడియో తీసి, ఇద్దరికీ ఉన్న ఒకే ఇన్‌స్టా పేజీలో పెట్టాను. ఆ పేజీ నా ఫోన్‌లోనే నడిచేది. వారం తర్వాత ఆ సింగర్ నుంచే మెసేజ్. ఫిలడెల్ఫియా షోలో నాతో కలిసి తెలుగులో పాడతావా, అని. కావ్యకి.

నాకు కాదు. వీడియోలో నా నీడ కూడా లేదు.

కావ్య పేరుతో నేనే జవాబు కొట్టాను. స్టూడెంట్ వీసా, స్టేజీ ఎక్కకూడదు, సారీ. వీసా అన్నాక ఎవరూ మారు మాట్లాడరు. పైసా తీసుకోకుండా పాడే ఒక్క పాట. కుదురుతుందో లేదో కాలేజీలో అడిగితే చెప్పేవాళ్లు. అడగలేదు. కుదురుతుందంటారేమోనని భయం. ఆ సింగర్ "పర్లేదు, బాగా పాడావు" అని రాసింది. చాట్ మొత్తం డిలీట్ చేశాను.

షోకి ఇద్దరం వెళ్లాం. మూడో పాట ముందు ఆమె మైక్‌లో చెప్పింది. ఇక్కడ ఒక అమ్మాయిని పిలిచాను, వీసా వల్ల రాలేకపోయింది, ఈ పాట తనకి, అని.

"ఎవరోనే, పాపం," అంది కావ్య నా చెవిలో. "మనలాంటిదే అయుంటది."

"నీకెందుకే, పాట విను."

"అట్లంటవేందే? నన్ను పిలిచుంటే వీసా పోయినా ఎక్కేదాన్ని."

"ఎక్కుతావ్. ఎక్కి డిపోర్ట్ అయితావ్."

నవ్వింది. మా వీడియో ఆమె దాకా వెళ్లి ఉంటుందని తనకి తట్టనే లేదు. పాట మొత్తం చీకట్లో, తెలుగులో, ఆమెతోపాటు పాడింది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను స్టేజీని రికార్డ్ చేస్తున్నాను. ఆ క్లిప్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. అందులో ఆ సింగర్ గొంతు కంటే కావ్య గొంతే దగ్గరగా వినిపిస్తుంది.

ఇప్పుడు కావ్య ఇక్కడే ట్రాయ్ అనే ఊళ్లో, ఒక కార్ల కంపెనీలో కోడ్ రాస్తోంది. పాడట్లేదా అంటే, టైమెక్కడిదే అంటుంది. తనకి మాత్రం చెప్పను. చెబితే క్షమించేస్తుంది, అప్పుడు కూడా మంచిది తనే అవుతుంది. మీకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

మీరైతే ఆ మెసేజ్ తనకి చూపించేవాళ్లా? తీసింది మీరై, ఎడిట్ చేసింది మీరై, నీడ కూడా పడనిచోట నిలబడి, నిజంగా చూపించేవాళ్లా?