క్లబ్బులో తలపాగా

నా చిన్నప్పుడు సికింద్రాబాదులో మామిడిపండ్లు గుమ్మడికాయలంత ఉండేవి, దోమలు పిచ్చుకలంత ఉండేవి, మా తాతయ్య తలపాగా విప్పి పరిస్తే మోండా మార్కెట్ నుంచి బోయిన్‌పల్లి దాకా వచ్చేది. ఇలాంటివి నేను చెబుతూనే ఉంటాను. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, ఇంతవరకు మందు దొరకలేదు. ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఎక్కడ ఎంత తగ్గించుకుని చదవాలో ఇక మీ ఇష్టం.

మా తాతయ్య నిజాం ఫౌజులో బాకా ఊదే సిపాయి. తెల్లారుజామున ఆయన బాకా ఊదితే ఫౌజుతోపాటు హుస్సేన్ సాగర్ చేపలు కూడా లేచి వరసలో నిలబడేవని మా నాయనమ్మ చెప్పేది. నా జబ్బు ఎటునుంచి వచ్చిందో మీకు తెలిసిపోయే ఉంటుంది. పోలీసు చర్య పేరుతో ఇండియా సైన్యం వచ్చింది. నిజాం ఫౌజు ఆయుధాలు కింద పెట్టింది. కొన్నాళ్ళకు ఆ ఫౌజునే ఎత్తేశారు. తాతయ్య ఇంటికి వచ్చి లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏడాది తిరిగినా అలాగే కూర్చున్నాడు. వీధిలోకి వెళ్ళడు, ఎవరైనా వస్తే మాట్లాడడు. బడిలో మాత్రం మా పంతులుగారు మనం గెలిచామని చెప్పి మిఠాయి పంచారు. ఇంటికి వస్తే మేం ఓడిపోయినట్టుండేది. బడి గంట కొట్టేదాకా గెలిచి, గంట కొట్టాక ఓడిపోవడం ఎలాగో నాకు ఎంత బుర్ర గోక్కున్నా బోధపడేది కాదు.

మా పక్కింటి హవల్దారు మామ ఇంగ్లీషువాళ్ళ ఫౌజులో బర్మా దాకా వెళ్ళివచ్చినవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆయనకు ఆదివారం చర్చి, గురువారం మాజీ సైనికుల క్లబ్బు, మిగిలిన రోజులన్నీ మా తాతయ్య గురించి బెంగ. ఒకరోజు ఆయన మా నాయనమ్మతో, "అన్నగారు ఇలా గోడకేసి చూస్తా కూర్చుంటే గోడన్నా పడిపోద్ది, ఆయనన్నా పడిపోతారమ్మా. ఈ గురువారం నాతో క్లబ్బుకి పంపించండి" అన్నాడు.

తాతయ్య గోడవైపు నుంచి తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "వాళ్ల ఫౌజు వేరు, నా ఫౌజు వేరు. నన్నెవరు కూసోమంటరు?"

"కూసోమనకుంటె తిరిగొస్తవు. పో జెర" అంది నాయనమ్మ. పైకి అలా అంది కానీ, అక్కడ కూర్చోమనకపోతే ఈ మనిషి మళ్ళీ గడప దాటడని ఆవిడకు తెలుసు. ఆ బుధవారం రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడు తాతయ్య సగం దారిలో వెనక్కి తిరగకుండా నన్ను కాపలాగా పంపింది.

క్లబ్బు పెంకుటిల్లే గానీ పొడుగు చెప్పనలవి కాదు. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివరివాళ్ళు మర్నాడు "చిరంజీవ" అనేవాళ్ళు. లోపల ఇంగ్లండు రాజుగారి పటం తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరం మిగిలిపోయింది. అటుగా వెళ్ళేటప్పుడు కొందరి చెయ్యి అలవాటు కొద్దీ సలాముకు సగం దాకా లేచి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి, చెవి గోక్కుని కిందికి దిగేది. ఆ ఖాళీ గోడకు ఎందుకు దండం పెట్టబోతున్నారో, పెట్టబోయి ఎందుకు మానుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. గుమ్మం పక్కన బారుగా కొక్కేలు, కొక్కేనికొక టోపీ. గుండ్రటివి, కోలవి, పక్కకు వాలినవి, అంచు విరిగినవి. ఒక దాంట్లో పావురాల జంట కాపురం పెట్టి పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసినట్టుంది.

క్లబ్బుకు పెద్ద ఒక ముసలి సుబేదారు. ఆయన కొడుకు పోలీసు చర్యకు వచ్చిన సైన్యంలో ఉన్నాడని హవల్దారు మామ దారిలోనే చెప్పాడు. దాంతో ఆయన మా శత్రువని నేను తేల్చేసుకున్నాను. ఆ శత్రువు కుంటుకుంటూ, నవ్వుకుంటూ, చేతిలో బిస్కట్ల పళ్ళెంతో ఎదురొచ్చాడు. శత్రువులు బిస్కట్లు పెడతారని బడిలో ఎవరూ చెప్పలేదు.

"ఆవో ఆవో, రాండ్రి. మీ పగిడీ గా కొక్కానికి తగిలియ్యిండ్రి, కూసుందాం" అన్నాడాయన.

తాతయ్య నిలబడిపోయాడు. మా ఇళ్ళలో మగవాడు నలుగురి ముందు తలపాగా తీసేది ఎవరైనా పోయినప్పుడే. పెద్దవాళ్ళ దగ్గరకు బోడితలతో వెళ్ళడం మర్యాద కాదు. ఈ క్లబ్బులోనేమో కప్పు కిందికి వచ్చాక తల మీద ఏదైనా ఉంచుకోవడం మర్యాద కాదు. హవల్దారు మామకు ఇది ఊపిరి పీల్చినంత అలవాటు గనక ముందుగా చెప్పాలనే తోచలేదు. ఇద్దరు ముసలివాళ్ళు ఎదురెదురుగా నిలబడి, ఎదుటివాడికి ఇంత మర్యాద తెలియదేమిటని ఒకేసారి అనుకున్నారు.

సుబేదారు నెమ్మదిగానే చెప్పాడు. "మా దగ్గర గిదే కాయిదా అన్నా. నెత్తిమీద టోపీ ఉన్నోడు డ్యూటీల ఉన్నట్టు. డ్యూటీల ఉన్నోడు క్లబ్బుల కూసోవద్దు."

పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. తాతయ్య చెయ్యి తలపాగా దాకా వెళ్ళింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది. ఆ కాస్త సేపట్లో బయట ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచిపోయాయి.

"బాకా ఇచ్చిన" అన్నాడు తాతయ్య. "నడుం పటకా ఇచ్చిన. ఛాతిమీది బిళ్ల ఇచ్చిన. నెత్తిమీది గుడ్డ ఒక్కటే అడగలే వాళ్లు. ఇగ మీరు అడుగుతున్నరు."

ఆ మాటలో కోపం లేదు. నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు. నా చూపు బిస్కట్ల మీద, గుండె నాయనమ్మ దగ్గర. హవల్దారు మామ మొహం పాలిపోయింది.

అప్పుడు సుబేదారు పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కుంటుకుంటూ కొక్కేల దగ్గరకు వెళ్ళి, తన టోపీ తీసి తల మీద పెట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. "నేను సుత డ్యూటీల ఉన్న" అన్నాడు.

హవల్దారు మామ ఒక్క అంగలో వెళ్ళి తన టోపీ అందుకున్నాడు. ఆ వెనక క్లబ్బు మొత్తం లేచింది. ఆ తొక్కిసలాట చూసినవాడెవడూ మరో యుద్ధం చూడనక్కర్లేదు. ఎవరి టోపీ ఎవరికి దొరికిందో దేవుడికే తెలియాలి. గుండ్రాయిలాంటి తలమీద కొబ్బరిచిప్పంత టోపీ, నిమ్మకాయంత తలమీద గంగాళమంత టోపీ. ఒకాయనకు ముక్కు దాకా దిగిపోతే గోడ తడుముకుంటూ వచ్చాడు. డ్యూటీలో ఉన్నారు కదా, ఎవరూ కూర్చోకూడదు. నిలబడే చాయ్ తాగారు. నిలబడే ముక్కలు పంచుకున్నారు. ఓడిపోయింది మేమైతే శిక్ష వీళ్ళకు ఎందుకు పడిందని నేను బిస్కట్టు కొరుకుతూ ఆలోచించాను, తేలలేదు.

చివరికి సుబేదారే ముందు కుర్చీలో కూలబడ్డాడు. "మోకాలికి కాయిదా తెల్వది" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అందరూ కూర్చున్నారు. ఆయన పక్క కుర్చీ మా తాతయ్య వైపు జరిపాడు. "నిజాం ఫౌజుల చాయిల చక్కెర ఎంత ఏస్తరన్నా?"

తాతయ్య కుర్చీని చూశాడు. కూర్చున్నాడు. "చెంచా నిలవడేటంత" అన్నాడు.

రెండో కప్పు చాయ్ అయ్యాక ఆయన ఎవరూ అడగకుండానే తలపాగా రెండు చేతులతో పైకెత్తి, తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూసి ఒక్కొక్కరే టోపీలు తీశారు.

ఇంటికి వస్తూ, "తాతా, గిప్పుడు మనం గెలిచినమా, ఓడినమా?" అని అడిగాను. "చాయ్ మంచిగున్నది" అన్నాడాయన.

ఇక నా కల్పన ఏదో చెప్పాలి. పావురాల దగ్గర, తుమ్ము దగ్గర మీరే తగ్గించుకుని ఉంటారు, వాటి సంగతి వదిలేయండి. కానీ తాతయ్య తలపాగా తీశాడన్నది శుద్ధ అబద్ధం. ఆయన తీయలేదు. ఆ గురువారమే కాదు, ఏ గురువారమూ తీయలేదు. ఆయన ఉన్నన్నాళ్ళు ఆ క్లబ్బులో అందరూ టోపీలు పెట్టుకునే పేకాడారు. ఎండాకాలంలో చెమటలు ముక్కల మీద కారుతున్నా పెట్టుకునే ఆడారు. కొక్కేలు ఖాళీగా ఉండేవి.

ఈ సంగతి ఎవరికి చెప్పినా అక్కడికి వచ్చేసరికి నేను ఆయన చేత తలపాగా తీయిస్తాను. అంతమంది అంత చేశాక ఈయన ఆ మాత్రమైనా చేయొద్దా అని నా మనసు ఊరుకోదు. ఇప్పటికీ ఎవరికైనా చిన్న సాయం చేస్తే, ఇక వీళ్ళు తలపాగా తీస్తారేమోనని మొహం కేసి చూస్తూ నిలబడతాను. అప్పుడు ఆ ముసలివాళ్ళు గుర్తొస్తారు. ఎవరివో టోపీలు పెట్టుకుని, తలలు వంచి, ఎవరి ముక్కలు వాళ్ళు చూసుకుంటున్నారు. మా తాతయ్య తల వైపు ఒక్కరూ చూడటం లేదు.