రొయ్యలు వేగిన నూనె

స్కూలు బస్సు నడిపే గ్వెండాకు రొయ్యలు పడవు. పడవంటే దద్దుర్లొచ్చి తగ్గిపోయే బాపతు కాదు, గొంతు మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. గోధుమలు పండించే ఆ చిన్న ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పబ్బు నడిపే క్లారీకి మరీ బాగా తెలుసు. చిన్నప్పుడు వాడు ఆవిడ బస్సెక్కితే చాలు, వాంతి చేసుకునేవాడు. వాడికోసం ముందు సీటూ కాగితం సంచీ రోజూ సిద్ధంగా ఉంచింది ఆవిడే. ఎవరికేది పడదో గుర్తుపెట్టుకోవడం కూడా బస్సు నడపడంలో భాగమేనని ఆవిడ లెక్క.

శుక్రవారం సాయంత్రం ఊరంతా పబ్బులోనే తింటుంది. కిందటి శుక్రవారం ఆవిడ బంగాళాదుంప చిప్స్ చెబుతూ, "రొయ్యలు వేపిన నూనెలో కాదు కదా?" అని అడిగింది.

"ఏం కాదులే గ్వెండా, నువ్వు మరీనూ!" అన్నాడు క్లారీ, బీరు వంపుతూ.

అదీ జవాబు! అవుననీ కాదు, కాదనీ కాదు. నాలుగు చిప్స్ తినేసరికి గొంతు పట్టేసింది. ఇలాంటప్పటికని ఎప్పుడూ సంచిలో ఉంచుకునే సూదిమందు తొడలో పొడుచుకోబట్టి బతికింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఊరేమంది? పడనప్పుడు ఇంట్లో వండుకు తినొచ్చుగా అంది. ఒళ్ళు మండదూ? అడిగితే నిజం చెప్పాలని నిబంధన ఉంది. డబ్బు తీసుకుని వడ్డించేవాడు అది చెప్పకపోతే, తప్పు తిన్నవాళ్ళదట!

ఈ శుక్రవారం మళ్ళీ వెళ్ళింది. చిప్స్ తెప్పించుకుని, సూదిమందు తీసి క్లారీ చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"నేను పడిపోగానే తొడలో గట్టిగా పొడువు. అంబులెన్సు పక్క ఊరి నుంచి రావాలి, అందాకా నా పక్కనే కూచో. ఏం కాదన్నావుగా, తింటున్నా."

ఆవిడ ఒక చిప్ నోటిదాకా తెచ్చింది.

"తినకు!" క్లారీ ప్లేటు లాగేసుకున్నాడు. "అన్నిటికీ ఒకటే నూనె గ్వెండా. రొయ్యలూ అందులోనే."

"ఈ ముక్క పోయిన వారం నీ నోట్లోంచి రాలేదేం రా?"

వాడు తలొంచుకుని సూదిమందు వెనక్కివ్వబోయాడు.

"ఉంచుకో. నా దగ్గర ఇంకోటుంది. రేపు ఇంకెవరో వచ్చి అడుగుతారు. ఏం కాదులే అనేముందు దాన్నొకసారి చేత్తో పట్టుకో."