పిట్ట ముట్టే దాకా

మా పెద్దమ్మ ఈమధ్య దంతాలపల్లిలో, పట్టపగలు, మంచం మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు దవాఖానలో. గుండె మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఆమె వెనకింట్లో ఉండి పెళ్లిళ్లకు డీజే తిప్పేవాడి మీదే.

పెద్దమ్మ అంగన్‌వాడీలో ఎందరి పిల్లలనో జోకొట్టింది. రిటైరయ్యాక ఆమెకే నిద్ర కరువైంది. అప్పుడు నేను ఫోన్లో ఒక మోత పెట్టి, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. ఒక చెవిలో ఒక స్వరం, రెండో చెవిలో దానికి వెంట్రుకవాసి తేడాతో ఇంకోటి. రెండూ కలిసి తలలో మెల్లగా ఊగే మూడో మోత పుడుతుంది, దాని వెంటే మెదడూ నెమ్మదిస్తుందని అంటారు. నిజమో కాదో డాక్టర్లు తేల్చుకోనీ. పెద్దమ్మ మాత్రం కళ్లు మూసుకుని నవ్వింది.

"లోపట పసిపిల్లల తొట్టె ఊగినట్టున్నది బిడ్డా" అన్నది.

ఆనాటి నుంచి అన్నం తిన్నాక అదే ఆమె ధ్యానం. ఒక్కతే దాచుకునే మనిషి కాదు. అత్తతో పోట్లాడి వచ్చిన పక్కింటి కోడలికి ముందు హెడ్‌ఫోన్లు పెట్టేది, తర్వాతే చాయ పోసేది. ముందుగాల చెవులు సల్లబడాలె, నోరు దానంతటదే సల్లబడ్తది అనేది.

వెనకింటివాడికి ఇదంతా నవ్వులాట. ఆమె కళ్లు మూసుకునేదాకా గోడ మీది నుంచి చూసి, అప్పుడు బాక్సులు మోగించేవాడు. ఇంటి రేకులు దడదడలాడేవి. నేను అడగబోతే, ముసల్దాని తపస్సు చెడిందా అని వెక్కిరించాడు. వాని తిప్పలు వానివని పెద్దమ్మ ఊరుకుంది. నేను ఊరుకునే రకం కాదు.

ఆమె పోయిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజూ వాడు మోగిస్తూనే ఉన్నాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్యాల తొట్టె ఊగుతలేదు బిడ్డా."

అదే ఆఖరి మాట.

మూడో రోజు, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టాం. విస్తరిలో ఆమెకిష్టమైన సర్వపిండి, చేపల పులుసు, పక్కన హెడ్‌ఫోన్లు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలినట్టే మా దిక్కు. అది తీరుస్తామని ఎవరో ఒకరు ఒట్టు పెట్టుకోవాలి. కాకి తుమ్మచెట్టు దాకా వచ్చింది, కిందికి దిగలేదు. చుట్టాలందరూ తలా ఒక మాట ఇచ్చారు. ఊరి మర్యాదకు వెనకింటివాడూ వచ్చి నిలబడ్డాడు. వాణ్ణి ముందుకు పిలిచాను.

"నీ బాక్సుల సంగతే అడుగుతున్నది. దండం పెట్టి చెప్పు."

అందరూ వాడి వైపే చూశారు. వాడు ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి, చివరికి చేతులు జోడించాడు.

"ఇంటికాడ ఇగ మోగియ్య పెద్దవ్వా. ఒట్టు."

మీకు చెప్తే ఏం, ఆ కాకి ఎప్పటి నుంచో ఆకలి మీద ఉంది. అది దిగబోయినప్పుడల్లా చీరకొంగు విదిలించి బెదరగొట్టింది నేనే. వాడు ఒట్టేశాక కొంగు నడుముకు చెక్కుకున్నాను. కాకి దిగి సర్వపిండి ముక్క ముక్కున కరుచుకుంది. తప్పు చేశానని నాకు ఇప్పటికీ అనిపించలేదు.

ఇప్పుడు అన్నం వేళకు ఆ మంచం మీద నేను కూర్చుంటున్నాను. గోడవతల వాడి బాక్సుల మీద కోళ్లు పడుకుంటున్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తొట్టె మెల్లగా ఊగుతుంది. నేను మాత్రం కళ్లు మూయను, గోడ వైపే చూస్తూ ఉంటాను.