తాడు, రాయి, నా జామాయిల్ లోడు

మాస్టరుగా నేను గెలిచిన రోజు ఏదని అడిగితే, నా పాత విద్యార్థిని చేతిలో నలుగురి ముందు ఓడిపోయిన రోజునే చెబుతాను.

చండ్రుగొండ దాటాక మెయిన్ రోడ్డు మీదే మా హైస్కూలు. దానికి కాస్త ముందు రోడ్డు గుట్టను చుట్టి మలుపు తిరుగుతుంది. బడి విడిచాక పిల్లలు దాటేది అక్కడే. జామాయిల్ కర్ర లారీలు పక్క గుంజలకు పైన ఇంకో లారీకి సరిపడా కర్ర నెత్తిన పెట్టుకుని, ఆ మలుపులో ఒక పక్కకి ఒరుగుతూ వస్తాయి. ఒకసారి ఒకటి ఒరిగి, మళ్లీ లేవలేదు. ఆదివారం కాబట్టి రోడ్డు మీద దొర్లినవి కర్రలే. అప్పటినుంచి ప్రేయర్లో ఓవర్‌లోడు మీద నేనిచ్చే ఉపన్యాసాలు కూడా ఓవర్‌లోడే అయ్యాయి.

అలాంటి నేను నిరుడు సెలవు పెట్టి, మా చేనులో జామాయిల్ కొట్టించాను. లారీ గుంజల ఎత్తుకు నిండినా గట్టు మీద ఒక కుప్ప మిగిలింది. మబ్బు కమ్ముతోంది. వాన పడితే మా నల్లరేగడిలోకి లారీ మళ్లీ రాదు.

"అది కూడా పైన వెయ్యండి, ఒక్క ట్రిప్పులో అయిపోతది" అన్నాను.

లోడింగ్ ముఠాకు పెద్ద ఒకామె, అడవి పక్క గూడెం మనిషి. పదిహేనేళ్ల కిందట నా దగ్గర తొమ్మిదో తరగతి చదివి, అక్కడితో బడి మానేసింది. సైన్సులో ఆమెకు నేనేసిన మార్కులు ఇక్కడ రాయను. సిగ్గు నాకే.

"వెయ్యం సారూ" అంది.

"ఏంది, నా కర్రేనా వెయ్యనిది?"

"ఎవ్వరిదైనా గంతే."

చివర రాయి కట్టిన తాడు తీసి, లారీ వెనక, లోడుకు సరిగ్గా నడుమ వేలాడగట్టింది. గట్టు వాలుకు లారీ కొంచెం ఒరిగి ఉంది. రాయి చక్రాల మధ్యనే ఆగింది కాని, పల్లపు వైపుకి జరిగి ఆగింది.

"సూడుండ్రి. మీ కుప్ప గూడ ఏస్తే తాడు ఇంకా మీదికి కట్టాలె. మూల తిరిగేకాడ రాయి చక్రం దాటి బయట పడ్తది. బండి గూడ గటే పడ్తది."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

ముఠా అంతా పగలబడి నవ్వింది.

"మీరే గద సారూ! అట్టపెట్టె బండి చేసి, దారానికి రాయి కట్టి చూపెట్టిండ్లు. బరువంత నిలిచే జాగ, గరిమనాభి అన్నరు. ఆ పేరు పరీక్షల యాదికి రాలే గని, రాయి యాదికున్నది. ఇది కట్టి సూడంది మా ముఠా ఏ బండినీ కదలనియ్యదు."

"అక్కతోని పెట్టుకోకుండ్రి సారూ" అన్నాడు డ్రైవర్. "మొన్న నాతోని సగం లోడు దింపిచ్చింది."

"అందుకే ఇయ్యాల మాట్లాడుతున్నవ్" అందామె.

గరిమనాభిలో గరిమంతా ఆమెదే. నాకు మిగిలింది నాభి. అదీ బెల్టు దాటి ముందుకొచ్చింది.

"మరి కుప్ప?" అన్నాను నీరసంగా.

"వాన తగ్గినంక ఎడ్లబండి మీద రోడ్డుకు తెస్తం. బండిని పోనియ్యుండ్రి, బడి విడిచే యాళ్లయింది."

కుప్ప ధ్యాసలో పడి పిల్లల్నే మరిచాను! స్కూటర్ మీద లారీ కంటే ముందు మలుపు దగ్గరికి చేరాను. పిల్లలు అప్పటికే సంచులతో రోడ్డంచున నిలబడి ఉన్నారు. లారీ మలుపు తిరుగుతుండగా ఎదురుగా భద్రాచలం బస్సు వచ్చింది. లారీ డ్రైవర్ పిల్లల వైపుకే స్టీరింగ్ తిప్పాడు. నేను చేతులు చాచి పిల్లల్ని వెనక్కి నెట్టాను.

లోడు ఒరగలేదు. ఒక్క కర్ర కదలలేదు. లారీ నిటారుగా, పెళ్లికొడుకులా సాగిపోయింది. నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టాను. సారుకేమైందో తెలియకపోయినా పిల్లలూ కొట్టారు.

తర్వాతి సోమవారం తొమ్మిదో తరగతి పాఠం నేను చెప్పలేదు. తాడు, రాయి, సుద్దముక్క ఆమె చేతికిచ్చి, చివరి బెంచీ అంచున కూర్చున్నాను. రెండో అంచు గాలిలోకి లేచింది.

"సారూ, నడిమిట్ల కూసోండ్రి" అంది కొత్త టీచరు.