అక్క నక్షత్రానికి తాత సాక్ష్యం

ఇదొక ఇతిహాసం. ఇందులో గ్రహాలు కదులుతాయి, ఒక వీరుడు ముప్పై ఏళ్ల కీర్తిని ధారపోస్తాడు, ఒక కన్యకు కల్యాణమవుతుంది. అంత లేదు లెండి. వలసొచ్చిన తెలుగువాళ్లుండే లిలువా రైల్వే క్వార్టర్లలో మా అక్కకి పెళ్లి కుదిరిన వైనం, అంతే. మొన్న అక్కకి కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్లిచ్చిన చీటీ మీద పుట్టిన వేళ నిమిషాలతో సహా అచ్చయి ఉండటం చూశాక, జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాకపోయినా, ఇదంతా గుర్తొచ్చింది.

అక్కకి అలాంటి చీటీ లేదు. రిక్షా వచ్చేలోపే ఇంట్లోనే పుట్టేసింది. వేళకి సాక్ష్యం వర్క్‌షాపు సైరన్ ఒక్కటే. అది పొద్దున్న రెండుసార్లు మోగేది: ఏడుంబావుకి బయలుదేరమని, ఏడున్నరకి గేటు మూస్తున్నామని. సైరన్ మోగుతుంటే పిల్ల ఏడ్చిందని మా నాయనమ్మ ఇరవై నాలుగేళ్లు చెబుతూనే వచ్చింది. ఏ సైరనని అడగాలని ఎవరికీ తోచలేదు, దగ్గర్లోని టికియాపారా నుంచి సంబంధం వచ్చి పంతులుగారు పాత పంచాంగం విప్పేదాకా. ఆ రోజు ఏడూ ఇరవై రెండు దాకా జ్యేష్ఠ, ఆ తర్వాత మూల.

జ్యేష్ఠ అంటే పెద్దది గనుక ఆ నక్షత్రపు కోడలు పెద్దబావగారికి చేటట. మూల అంటే వేరు గనుక ఆ కోడలు మామగారిని వేళ్లతో సహా పెకలిస్తుందట. లోకంలో ఆడపిల్లవాళ్లు మూలని దాచుకుంటారు. మేం మాత్రం మూల కావాలని మొక్కుకున్నాం. ఎందుకంటే పెళ్లికొడుకు తండ్రి ఎప్పుడో పోయారు. ఇంటిని ఈదుకొచ్చిన పెద్దన్న, వాడంతా బెంగాలీలో దాదా, అంటే అన్నయ్యా, అని పిలిచే మనిషి, నిక్షేపంలా ఉన్నాడు. అక్క చూస్తే ఆ అబ్బాయిని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని అన్నం మానేసింది. అంటే, అన్నం మానేసి ఝాల్‌మురీ, అదే కారం మరమరాలు, తినేది.

“మా పెద్దోడికేటైనా అయితే ఎవులు సూస్తారమ్మా?” అని పెళ్లికొడుకు తల్లి కంటతడి పెట్టుకుంది. ఆ పెద్దోడు పక్కనే మూడో సింగాడా, అదే సమోసా, తింటున్నాడు.

నాయనమ్మని నిలదీస్తే, “పిల్లని పట్టుకున్నానా, సైరన్లు లెక్కెట్టానా? ఏదైతే నాకేటి తెల్సు!” అని మా మీదే లేచింది.

చిక్కంతా తాతతోనే. ఫిట్టర్‌గా ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ గేటు దగ్గర ఆలస్యం కాలేదని, మనవరాలు పుట్టిన రోజున సైతం దాని మొహం చూసుకుని మరీ వేళకి లోపలున్నానని ఆయన చెప్పని టీకొట్టు లిలువాలో లేదు. రెండో సైరన్‌కి గేటు లోపలున్న మనిషి అప్పుడు ఇంట్లో పుట్టిన పిల్ల మొహం చూడలేడు. అంటే తాత మాట నిజమైతే అక్కది జ్యేష్ఠే, పెళ్లి లేనట్టే. అందరం ఆయన వైపే చూశాం. తాత కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆ రోజు ఆలీసం అయిపోనానండి. రెండో సైరను మోగీసినాకే పిల్ల పుట్టింది. గేటుకాడ పేరు కూడా రాసీసుకున్నారు. సిగ్గై ఇన్నాళ్లూ సెప్పలేదు.”

“ముసలోడా, ఇన్నాళ్లూ అబద్దాలాడీసినావా!” అంది నాయనమ్మ. ఏది అబద్ధమో నాకు అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.

పెళ్లయింది. తాత మళ్లీ ఆ టీకొట్ల వైపు వెళ్లలేదు. అడుగుదాం అడుగుదాం అనుకుంటుండగానే రెండేళ్లకి పోయాడు. మేనల్లుడి విషయంలో అలాంటి తంటా ఏమీ లేదు, నక్షత్రం కూడా ఫోనే చెప్పేసింది. వాడి కోసం ఎవరూ దేన్నీ ఒప్పుకోనక్కర్లేదు. హాయే, కానీ నాకెందుకో కాస్త వెలితిగా ఉంది.

అదే ఫోన్లో ఊరికే అక్క పుట్టినరోజు కూడా కొట్టి చూశాను. నక్షత్రం గొడవలో పడి వారం సంగతి మేమెవ్వరం పట్టించుకోలేదు. ఆదివారం. ఆదివారాలు వర్క్‌షాపుకి సెలవు, సైరన్ మోగదు.