నేరేడు రంగు పరీక్ష

పోయిన వారం మా మనవరాలు వసారాలో కూర్చుని మరునాటి పరీక్షకు గట్టిగా వల్లెవేస్తుంటే, నాకు తలా తోకా తెలియని ఆ మాటల మధ్యలోంచి ‘పారా అమైనో’ అన్న మాట ఒక్కటి విడిగా వచ్చి చెవిన పడింది. డెబ్బై ఏళ్ళ కిందట విడిచిపెట్టి వచ్చిన మనిషెవరో వీధిలో నిలబడి పేరు పెట్టి పిలిచినట్టయింది నాకు. ఆ అమ్మాయి వైద్యం చదువుతోంది. తాతకు కాఫీ, కబుర్లు తప్ప మరేమీ తెలియవని దాని నమ్మకం. అందుకని కాస్త గొంతు సవరించుకుని, ఆ మందు సంగతి నాకు తెలుసునన్నాను. అది పుస్తకం మూసింది. ఇక నన్ను ఆపేదెవరు?

కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న ఆ రోజుల్లో, నేను క్షయ రోగుల ఆసుపత్రి ఒకదానిలో పరీక్షలన్నీ నా చేతి మీదుగా నడిపేవాడిననీ, నేను వస్తుంటే డాక్టర్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారనీ చెప్పాను. దారి ఇచ్చిన మాట నిజమే. నేను రోగుల మూత్రం సీసాలు బుట్టలో పెట్టుకుని నడుస్తుంటే ఎవరైనా తప్పుకుంటారు. నా ఉద్యోగం అటెండరుది. సీసాలు కడగడం, గాజు గొట్టాలు వరుసగా పేర్చడం, ఒకే ఒక్క పరీక్ష చేయడం, ఇంతే నా రాజ్యం.

ఆ ఒక్క పరీక్ష గురించి మీకు చెప్పాలి. ఇప్పటివాళ్ళకు తెలియకపోయినా, మన ఈడువాళ్ళలో ఎవరింట్లోనైనా ఆ జబ్బు తొంగిచూసి ఉంటే, ‘పాస్’ అనే ఆ బిళ్ళలు గుర్తుండే ఉంటాయి. సూదిమందుతోపాటు రోజూ గుప్పెళ్ళకొద్దీ మింగాలి. మింగితే కడుపులో తిప్పేది, నోరంతా వికారంగా ఉండేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. దాని అసలు పేరు పారా అమైనో సాలిసిలిక్ ఆమ్లమని మా డాక్టరుగారు చెప్పేవారు. క్షయ పురుగు బతకడానికి దాదాపు అలాగే ఉండే పదార్థం ఒకటి కావాలట, ఈ మందు దాని వేషం వేసుకుని పోతుందట, పురుగు తన తిండే అనుకుని మింగి చస్తుందట. అయితే నిండు మోతాదు పడాలి, సగంసగం వేస్తే పురుగు చావకపోగా ఆ వేషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుందని ఆయన ప్రతి రోగికీ విసుగులేకుండా చెప్పేవారు. అంత చెప్పినా చాలామంది ఆ బిళ్ళలను తుంగభద్రలో పారేసి, మింగామని ఒట్టు వేసేవారు. అందుకే ఆ పరీక్ష. మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడు చుక్కలు వేస్తే, మందు మింగిన మనిషిదైతే నేరేడుపండు చిదిపినట్టు ఊదారంగు తిరుగుతుంది. మింగకపోతే తిరగదు. ఒట్లు పెట్టినవాళ్ళ ముఖాలు ఆ గొట్టం ముందు వాడిపోతుంటే, చిన్న వయసు కదా, నాకు భలే హుషారుగా ఉండేది.

ఆ హుషారులో ఉండగానే మా బావకు ఆ జబ్బు వచ్చింది. బావ బేతంచెర్ల వైపు నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. రాయి కొట్టీ కొట్టీ ఆ దుమ్ము కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుపోయి ఉండేది. దగ్గులో రక్తం కనబడ్డాక, మా అక్కనూ తన తల్లినీ వెంటబెట్టుకుని వచ్చి కర్నూలు పాతపేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. డాక్టరుగారు ఎక్స్‌రే ఫోటో చూసి, మందు నిండుగా మింగితే బతుకుతాడని నాతోనే చెప్పారు. ఆ మాట పట్టుకుని మేమంతా బతికాం. ప్రతి వారం అక్క సీసా తెచ్చేది, నేను చుక్కలు వేసేవాణ్ణి, గొట్టం నేరేడు రంగుకు తిరిగేది, అక్క ముఖాన కాస్త వెలుగు వచ్చేది.

మనవరాలికి ఇక్కడ నేనేం చెప్పానంటే, ఒక వారం ఆ రంగు పలచబడినట్టు నా కంటికి తోచిందనీ, ఇందులో ఏదో మోసముందని డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాననీ, అలా బావ సగం మోతాదే మింగుతున్న సంగతి బయటపడిందనీ చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది. మీ దగ్గర ఆ కోతలు సాగవు కనుక చెబుతున్నాను, రంగు ఏ వారమూ పలచబడలేదు. నిండుగా మింగినా సగమే మింగినా నా గొట్టం ఒకేలా నవ్వేది. అన్నిసార్లూ అది నేరేడు రంగే, అన్నిసార్లూ బావ భేషని నేనే కేకపెట్టి చెప్పాను.

బావ మాత్రం చిక్కిపోతూనే ఉన్నాడు. ఎండలు ముదిరేసరికి మళ్ళీ రక్తం పడి వార్డులో చేర్చాల్సి వచ్చింది. అక్కడ మందులిచ్చే సిస్టరమ్మ నంద్యాల వైపు క్రైస్తవుల ఆడపడుచు, మాట పెళుసు, మనసు మెత్తన. ఒకనాటి మధ్యాహ్నం నేను సీసాల కోసం వెళ్ళేసరికి ఆమె బావ మంచం దగ్గర నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. బావ సగం బిళ్ళలు మింగి, సగం కంచం అంచున, తినకుండా వదిలిన సగం జొన్నరొట్టె పక్కన పెట్టాడు.

“ఏమప్పా, ఈ బిళ్ళలు యాడికి దాస్తాండావు?”

“దాసేది కాదమ్మా. నా పెండ్లానికి పెట్టినా.”

“దానికెందుకు? దానికేం రోగం?”

“దానికీ దగ్గుండాది, శానా దినాల్నుంచి. నా కంచంలో తినే కదా తగులుకున్యాది.”

“డాక్టరుకు చెప్పేదానికి నోరు రాల్యా నీకు?”

బావ గోడవైపు చూస్తూ, “చెప్తే మాయమ్మకు తెలుస్తాది. దగ్గే ఆడదాన్ని ఇంట్లో పెట్టుకోదు, పుట్టింటికి తోలేస్తాది” అన్నాడు.

సిస్టరమ్మ నడుం మీది చెయ్యి దించింది. ఆ కంచం తీయలేదు.

మగడు తిని లేచాక ఆ కంచంలోనే భార్య కూర్చుని తినడం మన ఇళ్ళలో ఎంత మామూలో మీకు చెప్పనక్కరలేదు. మా అమ్మ తిన్నది, మీ అమ్మ తిని ఉంటుంది. కంచాలు వేరు పెట్టమని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు, అందరం తల ఊపాం, ఆ పూట కూడా అక్క బావ కంచంలోనే తిన్నది. బావకు తెలిసిన ప్రేమ ఒక్కటే, కంచంలో సగం వదలడం. రొట్టె వదిలినట్టే మందూ వదిలాడు. నెలల తరబడి ఆ ఇద్దరూ ఒక మనిషి మందును పంచుకుని మింగారు, ఇద్దరి ఒంట్లోనూ పురుగు ఆ వేషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంది.

సంగతి డాక్టరుగారికి తెలిసి, తరువాత మందు నిండుగా ఇచ్చినా బావ ఒంటికి పట్టలేదు. తొలకరి పడకముందే పోయాడు. అత్త, అంటే బావ తల్లి, బావ భయపడినంత పనీ చేసింది. కర్మ కాగానే అక్కను మా ఇంట్లో దిగబెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళింది. అక్కకు అప్పుడే వచ్చిన మరో మందు కలిపి ఇచ్చారు. ఒక ఊపిరితిత్తి ఎండిపోయినా, మెట్లు ఎక్కలేకపోయినా, బతికింది. వేరు కంచంలో, ఒక మూలన కూర్చుని తినేది. బతికినంత కాలమూ రొట్టెలో సగం ముట్టకుండా వదిలేది. అది ఎవరి భాగమని మేమెవరమూ అడగలేదు.

మొన్న మా వీధి చివర ఒకాయనకు అదే జబ్బని తెలిసి, ఆశా కార్యకర్త బిళ్ళల అట్ట పట్టుకుని వచ్చింది. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించింది, ఆయన భార్యకు కూడా కొంచెం ఉందని తేలితే ఆమె పేరున వేరే అట్ట తెచ్చి ఇచ్చింది. ఆ భార్య అరుగు మీద కూర్చుని, వీధంతా చూస్తుండగా, నీళ్ళు తాగి బిళ్ళలు మింగింది. నేను కిటికీలోంచి చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాను.

మా మనవరాలు మాత్రం ఆ రోజు నా కథ విని ఊరుకోలేదు. మరి ఆ తర్వాత మీ బావకు నయమైందా తాతా అని అడిగింది. నయమైంది తల్లీ అన్నాను. మళ్ళీ గనికి పోయాడనీ, అక్కా ఆయనా ముసలివాళ్ళయ్యేదాకా ఒకే కంచంలో తిన్నారనీ చెప్పాను. అది తృప్తిగా పుస్తకం తెరిచి మళ్ళీ చదువుకుంది. ఇప్పుడు ఏ గొట్టంలో ఏ చుక్కలు వేసి చూసినా, నేను చెప్పింది నిజం కాదని దానికి తెలియదు.