మైకు ముందు ఇన్నయ్య అబద్ధమాడాడా?

ఎడమ మోకాలు పోయాకే ఇన్నయ్యకు నోరు వచ్చింది. అంతకుముందు పన్నెండేళ్లు ఒక వర్క్‌షాపు ఫుట్‌బాల్ జట్టుకు బ్యాక్‌గా ఆడాడు. ఆడినన్నాళ్లూ మైదానంలో అతను పలికినవి రెండే మాటలని పాతవాళ్లు చెప్పేవారు. ఒకటి "నాది", రెండోది "పో". మొదటిది బంతి గురించి, రెండోది ఎదుటివాడి గురించి.

మోకాలు విరిగిన తర్వాత యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో స్టోర్‌కీపర్‌గా చేరాడు. పగలంతా బియ్యం బస్తాల మధ్య, కందిపప్పు డబ్బాల మధ్య మౌనంగా ఉండేవాడు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం మాత్రం స్టోరుకు తాళం వేసి, కుంటుకుంటూ మైదానానికి వచ్చి, గీత పక్కన వేసిన బల్ల ముందు కూర్చుని మైకు అందుకునేవాడు. ఇక పన్నెండేళ్ల బాకీ అంతా తీర్చుకునేవాడు.

రేడియోలో ఆట గురించి చెప్పేవాడి మాటలు ఆడేవాడికి వినబడవు. అక్కడ అలా కాదు. చెట్లకు రెండు లౌడ్‌స్పీకర్లు కట్టేవారు. ఒకటి మైదానం వైపు, ఒకటి తార్నాక రోడ్డు వైపు. ఇన్నయ్య అన్న మాట అన్నట్టే, బంతి కాలి దగ్గర ఉండగానే, ఆటగాడి చెవిలో పడేది.

"బంతి వచ్చింది. పిలగాడు బంతిని చూసిండు. బంతి పిలగాన్ని చూసింది. ఇద్దరికీ పరిచయం లేనట్టున్నది, ఎవలి దారిన వాళ్లు పోయిండ్రు" అనేవాడు.

"రెఫరీ సాబ్ గడియారం చూస్తున్నడు. అప్పుడప్పుడు ఆట గూడ చూస్తే మంచిగుంటది" అనేవాడు.

ఒకసారి "ఆగు, ఆగు, యాడికి ఉరుకుతున్నవ్?" అని ఎవరో ఫార్వర్డ్‌ను గద్దిస్తే, తార్నాక రోడ్డు మీద పోతున్న బస్సు ఠక్కున ఆగింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ బస్సు కండక్టరు చంద్రయ్యే స్వయంగా నాకు చెప్పాడు. చంద్రయ్య ఇన్నయ్యకు పరమ భక్తుడు. టికెట్టు ఇచ్చే ముందు "నువ్వు ఇన్నయ్య దిక్కా, లక్ష్మయ్య దిక్కా?" అని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే చిల్లర లేదనేవాడు.

ఈ లక్ష్మయ్యకు తార్నాకలో సైకిలు షాపు ఉండేది. ఇన్నయ్య అంటే గిట్టని వాళ్లందరికీ ఆయనే పెద్ద. "మన పిల్లలను మనమే మైకుల తిట్టుడేంది? మనోడన్నంక మంచిగ చెప్పాలె" అని ఆయన వాదన. "ఉన్నది ఉన్నట్టు చెప్తడు, గదే ఆయన గొప్ప" అని చంద్రయ్య వాదన. ఇరానీ హోటల్లో రెండు వర్గాలూ వేర్వేరు బల్లల దగ్గర కూర్చునేవి. ఒక బల్ల మీద సమోసా అయిపోతే రెండో బల్ల వాళ్లు ఇచ్చేవాళ్లు కాదు.

ఒక దశలో లక్ష్మయ్య వర్గం ఇన్నయ్యను బహిష్కరించింది. వెళ్లి లౌడ్‌స్పీకర్ల వెనకాల, మాట సరిగా వినబడని చోట కూర్చుంది. పది నిమిషాలు గడిచేసరికి వాళ్లకు పెద్ద చిక్కొచ్చి పడింది. ఇన్నయ్య ఏమంటున్నాడో తెలియకపోతే దేనికని కోప్పడాలి? చివరికి వంతులు వేసుకుని ఒక్కొక్కరే ముందుకు వెళ్లి, విని, వెనక్కి వచ్చి చెప్పేవారు. అందరూ కలిసి అప్పుడు కోప్పడేవారు. మ్యాచ్ అయ్యేసరికి ముందు కూర్చున్న వాళ్లకన్నా వాళ్లే ఎక్కువ అలిసిపోయారు.

ఇదంతా సరదాగానే సాగిపోయేది, అరవై ఏడులో ఆ సెమీఫైనల్ జరగకపోతే.

ఆ యేడు చుట్టుపక్కల బస్తీల జట్లన్నీ కలిసి ఆడిన పోటీలో మన యూనివర్సిటీ జట్టు నల్లకుంట జట్టుతో తలపడింది. మన గోల్‌కీపర్ సూర్యనారాయణ. తెనాలి దగ్గరి పిల్లవాడు, విద్యానగర్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. కొంగలా పొడుగు, మాట మెత్తన. రెండు గోల్స్ అతని కుడి పక్క నుంచే పోయాయి. ఇన్నయ్య మైకులో నిట్టూర్చి, "గోల్‌కీపర్ ఎడమదిక్కుకే దూకుతడు. కుడిదిక్కు వాని సొంతం కాదనుకుంటడు. ఎవలన్న చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పనక్కర్లేకపోయింది. నల్లకుంట ఫార్వర్డ్‌కు కూడా చెవులున్నాయి. మరుసటి నిమిషమే బంతిని కుడి మూలకు కొట్టాడు. సూర్యనారాయణ ఎడమకు దూకాడు.

చివరికి నాలుగు–మూడుతో మనవాళ్లే గెలిచారు గానీ, గెలుపు సంగతి ఎవరికీ గుర్తులేదు. "మనోని గుట్టు మైకుల పెట్టి ఎదుటోనికి చెప్పిండు" అని లక్ష్మయ్య ఊగిపోయాడు. మర్నాటికల్లా ఇన్నయ్యను తీసెయ్యాలని ఒక అర్జీ, ఉంచాలని ఒక అర్జీ తయారయ్యాయి. కాన్వెంటులో చదివిన వాణ్ణని, ఇంగ్లీషు బాగుంటుందని రెండూ నా చేతనే రాయించారు. రెండూ బాగానే రాశాను. ఒక్కోదాంట్లో డెబ్బైకి పైగా సంతకాలు. నలుగురు మాత్రం రెండింట్లోనూ సంతకం చేశారు. అందులో నేనొకణ్ణి.

ఆటల కమిటీ కార్యదర్శి పార్థసారథి గారు ఇన్నయ్యను పిలిపించారు. ఆయన కెమిస్ట్రీ లెక్చరర్. కొట్లాటలంటే భయం.

"చూడండి ఇన్నయ్యగారూ, ఆదివారం ఫైనల్. మన జట్టు గురించి నాలుగు మంచి మాటలు చెప్పొచ్చు కదా?"

"మంచిగ ఆడితే మంచే చెప్త సార్."

"ఆడకపోతే?"

"గది గూడ చెప్త."

పార్థసారథి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఒక్క మాట. మీ మాట వల్ల మన మీద ఇంకొక్క గోల్ పడిందంటే, ఇక మీరు మైకు ముట్టుకోకూడదు. కమిటీ నిర్ణయం."

ఇన్నయ్య సరేనని వచ్చేశాడు. ఆ రోజు మెస్‌లో పప్పు రెండుసార్లు తూచాడని వంటవాళ్లు చెప్పుకున్నారు. ఇంటి దగ్గర భార్య సారలమ్మ, "ఒక్క ఆదివారం అందరిని మెచ్చుకుంటే నీ నోరేమన్న అరుగుతదా?" అంది.

"బంతి తన్నే కాలు ఎన్నడో పాయె సారలా. మాట గూడ పోతే ఇంగ నా దగ్గరేమున్నది?" అన్నాడు ఇన్నయ్య.

మర్నాడు పొద్దున్నే స్టోరు తలుపు దగ్గర సూర్యనారాయణ నిలబడి ఉన్నాడు. కొట్టడానికి వచ్చాడేమోనని ఇన్నయ్య గరిటె చేతిలోకి తీసుకున్నాడట.

"ఇన్నయ్యగారూ, మీరన్నది నిజవేనండి. నేను కుడి పక్కకి పడలేను."

"ఎందుకు పడలేవు?"

"కిందటేడు గోల్ ముందున్న ఆ ఎర్ర మొరం నేల మీద పడి తుంటి దోక్కుపోయిందండి. నెల్లాళ్లు పక్క మీద తిరగలేకపోయాను. అప్పట్నుంచీ కుడికి దూకుదామంటే ఒళ్లు ఒప్పుకోదండి."

ఇన్నయ్య గరిటె కింద పెట్టాడు. "గీ ముక్క కోచ్‌కు చెప్పినవా?"

"చెప్తే జట్టులోంచి తీసేస్తారు కదండీ."

ఇన్నయ్య లేచి, మూల ఉన్న ఖాళీ గోనెసంచుల్లో గడ్డి కుక్కించాడు. పన్నెండు సంచులు. రోజూ తెల్లారగానే స్టోరు వెనకాల వాటిని పరిచి, బంతి విసిరినట్టు బంగాళాదుంపలు విసిరేవాడు, కుడి పక్కకే. మొదటి రోజు పన్నెండు సంచుల మీద పడ్డాడు పిల్లవాడు. రెండో రోజు పది. రోజుకు రెండు సంచులు తగ్గిస్తూ పోయాడు ఇన్నయ్య. శనివారానికి రెండే మిగిలాయి. ఆదివారం పొద్దున అవీ తీసేశాడు. సూర్యనారాయణ ఉత్త నేల మీద కుడికి దూకి, బంగాళాదుంపను గుండెకు హత్తుకుని లేచాడు. ఆ వారమంతా హాస్టల్లో బంగాళాదుంప కూర చితికిపోయి ఎందుకుందో ఎవరికీ తెలియలేదు.

ఫైనల్ వారాసిగూడ జట్టుతో. తార్నాకలో దుకాణాలన్నీ మూతబడ్డాయి. చంద్రయ్య బస్సు ఆ సాయంత్రం మైదానం దాకా వచ్చి చెడిపోయింది. ఇన్నయ్య ఎప్పటిలాగే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మనవాళ్లు గోల్ కొడితే "మంచి గోల్. అట్ల కొట్టాల్నని అనుకోలేదు గని, కొట్టిండు" అన్నాడు. ఒకటి–సున్నా.

ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా మన బ్యాక్ చేతికి బంతి తగిలింది. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. వారాసిగూడ కెప్టెన్ వీరస్వామి బంతి పెట్టుకుని నిలబడ్డాడు.

లక్ష్మయ్య జనాన్ని తోసుకుంటూ మైకు బల్ల దగ్గరికి వచ్చి, ఇన్నయ్య భుజం పట్టుకుని గుసగుసగా అన్నాడు.

"అన్నా, పాతవన్నీ మరిచిపో. పోరడు ఇప్పుడు కుడికే దూకుతుండని చెప్పు. వీరస్వామి నమ్మి ఎడమకు కొడతడు. మనోడు ఎట్లైనా ఎడమకే దూకుతడు. ఖతం! కప్పు మనది, మైకు నీది."

"లక్ష్మయ్యా, చెయ్యి తియ్యి."

"ఒక్క అబద్ధమన్నా!"

"తియ్యంటున్న."

కానీ ఇన్నయ్య మెదలకుండా కూర్చోలేకపోయాడు. కిందటి మ్యాచ్‌లో ఇదే మైకులో తాను చెప్పిన మాట ఇప్పుడు తప్పయి కూర్చుంది. తప్పు మాటను గాలిలో అలా వదిలేయడం అతని వల్ల కాలేదు. గొంతు సవరించుకున్నాడు.

"కిందటి మ్యాచ్‌ల నేను చెప్పిన మాట ఇప్పుడు చెల్లది. గోల్‌కీపర్ కుడిదిక్కు దూకుడు గూడ నేర్చిండు. వారం దినాలు బాగ కష్టపడ్డడు. మొగోడు. ఇప్పుడు ఏ దిక్కు పోతడో నాకు గూడ తెల్వది."

వీరస్వామి ఆగిపోయాడు. ఇది నిజమా, ఎత్తా? కుడికి కొడదామని రెండడుగులు వేశాడు. కాదని ఎడమ వైపు చూశాడు. అటూ ఇటూ తేలక, కాలు అడ్డం పడి, బంతిని నేరుగా మధ్యకు తన్నాడు.

సూర్యనారాయణ అసలు కదలనే లేదు. ఇన్నయ్య నోటి నుంచి జీవితంలో మొదటిసారి మెప్పు విని, నోరు తెరిచి లౌడ్‌స్పీకర్ వైపు చూస్తూ నిలబడిపోయాడు. బంతి వచ్చి అతని రొమ్ముకు తగిలి, దణ్ణం పెట్టినట్టు కాళ్ల ముందు పడింది.

కప్పు మనకు వచ్చింది. అసలు గొడవ అక్కడే మొదలైంది.

లక్ష్మయ్య వర్గం ఇన్నయ్యను భుజాల మీదికి ఎత్తుకుంది. "ఏం అబద్ధమాడినవన్నా! మొఖంల మొఖం పెట్టి, సీదా సీదా!" అని లక్ష్మయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అబద్ధం కాదురా నాయనా, దించుండ్రి!" అని ఇన్నయ్య మొత్తుకుంటే, "సూడు, ఇప్పుడు గూడ ఎంత నిజంగ చెప్తున్నడో!" అని ఇంకాస్త పైకి ఎత్తారు.

చంద్రయ్య మాత్రం దూరంగా నిలబడ్డాడు. "నువ్వు గూడ గంతేనా అన్నా? కప్పు కోసం అబద్ధమాడినవా?" అని, మొహం తిప్పుకుని బస్సెక్కి పోయాడు. చెడిపోయిన బస్సు వెంటనే కదిలింది.

పార్థసారథి గారు వచ్చి చెయ్యి కలిపారు. "సమయస్ఫూర్తి అంటే అదండీ! ఇక మైకు ఎప్పటికీ మీదే."

"సార్, నేను నిజం చెప్పిన. అబద్ధమాడినందుకు ఇచ్చే మైకు నాకొద్దు" అని ఇన్నయ్య మైకు ఆయన చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు అన్నం ముట్టలేదని సారలమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు ఇన్నయ్య లక్ష్మయ్య షాపు ముందు ప్రత్యక్షమయ్యాడు. "నడువు గ్రౌండుకు. నువ్వే కొట్టు, కుడిదిక్కే కొట్టు." పక్కన సూర్యనారాయణ ఆవులిస్తూ నిలబడి ఉన్నాడు. కబురు ఎలా పాకిందో గానీ, వాళ్లు మైదానం చేరేసరికి సగం తార్నాక వెనకాల ఉంది. చంద్రయ్య బస్సును ప్రయాణికులతో సహా తెచ్చాడు. పార్థసారథి గారు మఫ్లరు చుట్టుకుని వచ్చారు.

లక్ష్మయ్య పంచె ఎగ్గట్టి, బలమంతా పెట్టి కుడి మూలకు తన్నాడు. సూర్యనారాయణ కుడికి ఎగిరి, మొరం మీద దుమ్ము లేచేలా పడి, బంతిని పట్టుకున్నాడు. రెండోది. పట్టాడు. మూడోది కూడా పట్టాడు. మోచేతికి కాస్త రక్తం వస్తే, చూసుకుని నవ్వాడు.

చంద్రయ్య పరుగెత్తుకొచ్చి ఇన్నయ్య చేతులు పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. నా నోట్ల పురుగులు పడ!" పార్థసారథి గారు తలూపి, "మైకు మీదేనండీ, ఏం చేస్తాం" అన్నారు.

లక్ష్మయ్య ఇంకా బంతి దగ్గరే నిలబడి ఉన్నాడు. విషయం అతనికి మెల్లగా తలకెక్కింది. మొహం ఎర్రబడింది.

"అంటే... నిన్న నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మన పోరడు కొత్తగ నేర్చిన విద్యను, కప్పు పోయేటట్టున్నప్పుడు, మైకుల పెట్టి వారాసిగూడోనికి చెప్పినవా? నిన్నా నేను భుజాల మీద మోసింది? నీకు బుద్ధి ఉన్నదా అసలు? నువ్వు మన ఊరోనివేనా?"

లక్ష్మయ్య తిడుతూనే ఉన్నాడు. అతని వర్గమంతా వంత పాడింది. ఇన్నయ్య ఒంటికాలి మీద బరువు వేసి, చేతులు కట్టుకుని, ముందురోజు సాయంత్రం నుంచి లేని కళతో హాయిగా విన్నాడు. ఊపిరి తీసుకోవడానికి లక్ష్మయ్య ఆగినప్పుడు మాత్రం చిన్నగా దగ్గాడు.

"అవన్నీ సరే గని లక్ష్మయ్యా, బంతిని బొటనవేలుతోని తంతరా ఎవలన్న?"